ఒక్క సాయంత్రమే కదా!

హైదరాబాదులో జనవరి నెల వచ్చిందంటే పిల్లలున్న ఇళ్లలో ఒకటే పోరు. “ఎగ్జిబిషనుకు ఎప్పుడు వెళదాం?” అని. పాత హైదరాబాదీలు దాన్ని నుమాయిష్ అంటారు. పేరేదైతేనేం, మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నెలా పదిహేను రోజులు నాంపల్లి మైదానం దీపాలతో కళకళలాడుతుంది. జిల్లాల నుంచి వచ్చిన చుట్టాలు చార్మినారు చూడకపోయినా సరిపెట్టుకుంటారు గాని, ఎగ్జిబిషను చూడకుండా తిరుగు రైలెక్కరు.

మొన్న జనవరిలో మా మనవల్ని మొదటిసారిగా అక్కడికి తీసుకువెళ్లాం. ఆ సాయంత్రం నేనొక పాఠం నేర్చుకున్నాను. అది మీకూ పనికొస్తుందని ఈ వారం ఉత్తరాలకు జవాబులు పక్కనపెట్టి ఈ సంగతి రాస్తున్నాను. పాఠం చెప్పింది మా కోడలు. నేర్చుకున్నది, ముప్పై ఏళ్లుగా సర్కారు ఆస్పత్రిలో పిల్లల తల్లులకు బుద్ధులు చెబుతూ వస్తున్న నేను.

మా అబ్బాయి కాపురం దిల్‌సుఖ్‌నగర్‌లో. పిల్లలిద్దరు. పెద్దది ఆడపిల్ల, ఏడేళ్లు. చిన్నవాడికి నాలుగు నిండి అయిదో ఏడు నడుస్తోంది. వీడికి చలికాలంలో జలుబు చేస్తే చాలు, గుండెల్లో పిల్లికూతలు మొదలవుతాయి. వాణ్ణి చూసే పిల్లల డాక్టరుగారు నోటితో పీల్చే మందు, అదే ఇన్‌హేలరు, దానికి తగిలించే స్పేసరు అనే గొట్టం రాసిచ్చారు. బయలుదేరేముందు మా కోడలు ఆ రెండూ సంచిలో సర్దుతుంటే నేనే అడ్డుపడ్డాను.

“ఒక్క సాయంత్రమే కదమ్మా! వాడు పది రోజులుగా శుభ్రంగా ఉన్నాడు. అంత లావు గొట్టం ఎందుకు మోయడం?”

“అలాగే మామయ్యగారూ” అని ఆ అమ్మాయి గొట్టం తీసి అల్మారాలో పెట్టింది. మా ఆవిడ నా వంక ఒక చూపు చూసింది గాని ఏమీ అనలేదు.

నాలుగు గంటలకు బయలుదేరాలనుకున్నాం. అబ్బాయికి ఆఫీసు ఫోను, మాకు కాఫీలు, పెద్దదానికి నచ్చిన గౌను దొరకకపోవడం, వీటన్నిటితో అయిదున్నర అయింది. ఎగ్జిబిషను సంబరంలో పిల్లలిద్దరూ మధ్యాహ్నం నిద్ర కూడా పోలేదు. “పోనీలెండి, రాత్రి హాయిగా పడుకుంటారు” అన్నాను. ఇది నా రెండో తప్పు.

మెట్రో రైలెక్కి గాంధీభవన్ స్టేషనులో దిగితే మైదానం అక్కడే. దానికి ముందు స్టేషను ఉస్మానియా మెడికల్ కాలేజీ. ఆ పేరు వినగానే నా పాతరోజులు గుర్తొచ్చాయి. హాస్టలు కుర్రాళ్లం నలుగురైదుగురం కలిసి నడుచుకుంటూ ఎగ్జిబిషనుకు వచ్చేవాళ్లం. ఉన్న డబ్బంతా మిరపకాయ బజ్జీలకే అయిపోయేది. పిల్లలకు ఆ కథలన్నీ చెబుతూ గేటు దగ్గరికి చేరాను.

ఈ ఎగ్జిబిషనుకు పెద్ద చరిత్రే ఉంది. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పట్టభద్రులు కొందరు పూనుకుని, నిజాం రాజ్యంలో తయారయ్యే సరుకులు నలుగురికీ చూపించాలని పబ్లిక్ గార్డెన్స్‌లో దీన్ని మొదలుపెట్టారు. 1946లో ఇప్పటి మైదానానికి మారింది. కల్లోలంగా ఉన్న 1947, 48 సంవత్సరాల్లో ఆగి, 1949లో మళ్లీ నడక సాగించింది. కరోనా మూలంగా 2021లో జరగలేదు. దీన్ని నడిపే సొసైటీ ఆదాయంతో విద్యాసంస్థలు నడుస్తున్నాయి. కమలా నెహ్రూ పాలిటెక్నిక్, సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం ఈ ఆవరణలోనే ఉన్నాయి. ఇదంతా నేను ఉత్సాహంగా చెబుతుంటే చిన్నవాడు నా చొక్కా పట్టుకు లాగి, “తాతయ్యా, రైలేదీ?” అన్నాడు.

మైదానంలో పిల్లల రైలు తిరుగుతుంది. దాని బొమ్మ ఫోనులో ముందురోజే వాడికి చూపించారు. వాడికి ఎగ్జిబిషనంటే ఆ రైలే.

పిల్లవాడి ఎత్తు నుంచి

లోపల దీపాల తోరణాలు, కాశ్మీరు శాలువలు, లక్నో చేతి కుట్టు బట్టలు, ఎండు ఫలాలు, దుప్పట్లు, పింగాణీ, పచ్చళ్లు. ఆడవాళ్లు శాలువల దగ్గర ఆగారు. మా అబ్బాయి బూట్ల దగ్గర ఆగాడు. నేను ఎండు అంజీరు బేరం చేశాను. మధ్యమధ్య చిన్నవాడు “రైలు?” అనేవాడు. “ఇదుగో, ఈ ఒక్క కొట్టూ చూసి వెళదాం” అనేవాళ్లం.

ఒకచోట వాడి బూటు తాడు ఊడితే కట్టడానికి నేల మీద మోకాలు వేసి కూర్చున్నాను. అప్పుడు తెలిసింది నాకు. పెద్దవాళ్లం అయిదున్నర అడుగుల ఎత్తు నుంచి దీపాలు చూస్తున్నాం. మూడున్నర అడుగుల పిల్లవాడికి కనిపించేది దీపాలు కాదు. ప్యాంట్లు, చీర కుచ్చిళ్లు, వేలాడే సంచులు. వేలమంది కాళ్ల కింద లేచిన దుమ్ము ఆ ఎత్తులోనే దట్టంగా ఉంది. నా ముక్కుకు కొంచెంగా తగులుతున్న దుమ్మునే వాడు గంటన్నరగా పుష్కలంగా పీలుస్తున్నాడు. డాక్టరుగా నాకు అప్పుడే బుద్ధి రావలసింది. రాలేదు.

ఏడున్నరకు తిండి. వేడివేడి బజ్జీలు, ఆపైన ఐస్‌క్రీము. బజ్జీల బాణలి పక్కనే నిలబడి తిన్నాం కాబట్టి ఆ నూనె పొగ కూడా వాడి లెక్కలోకి చేరింది. తిన్న వెంటనే పెద్దది జెయింట్ వీల్ ఎక్కుతానంది. నేను తోడు ఎక్కాను. మూడో చుట్టు తిరిగేసరికి దాని మొహం పాలిపోయింది. దిగీ దిగగానే బజ్జీలన్నీ వాంతి అయ్యాయి. దాన్ని శుభ్రం చేసి, నీళ్లు తాగించి, కాస్సేపు కూర్చోబెట్టేసరికి ఎనిమిదిన్నర.

అప్పుడు చిన్నవాడికి రైలు యోగం పట్టింది. వాడి ఆనందం ఏమని చెప్పను! చేతులూపాడు, కూత వేశాడు. రైలు దిగి మా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. వచ్చి దగ్గడం మొదలుపెట్టాడు.

ఇంకో పది నిమిషాలకు ఆ దగ్గు వెనక నాకు బాగా తెలిసిన చప్పుడు వినిపించింది. సన్నని ఈల. చొక్కా ఎత్తి చూస్తే ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం కొంచెం లోపలికి పోతోంది. గడియారం పెట్టి నిమిషంపాటు లెక్కించాను. 44 శ్వాసలు. ఆ వయసుకు 40 గాని అంతకు మించి గాని ఉంటే వేగంగా ఉన్నట్టు. మాట్లాడుతున్నాడు, పెదవులు ఎర్రగానే ఉన్నాయి. అదొక్కటే ధైర్యం.

నా నోటి వెంట మాట రాలేదు. గొట్టం అల్మారాలో పెట్టించింది నేనే కదా! అప్పుడు మా కోడలు సంచి అడుగున చెయ్యి పెట్టి ఇన్‌హేలరు తీసింది. “గొట్టం వద్దన్నారని మందు ఒక్కటి పెట్టుకున్నాను మామయ్యగారూ” అంది. ఆ క్షణంలో ఆ అమ్మాయికి చేతులెత్తి నమస్కరించాలనిపించింది.

నీళ్ల సీసాతో

మందు ఉంది, గొట్టం లేదు. అయిదేళ్ల లోపు పిల్లలకు ఇన్‌హేలరు నేరుగా నోట్లో నొక్కితే మందు చాలామటుకు గొంతులోనే ఆగిపోతుంది. ఊపిరితిత్తుల్లోకి చేరేది చాలా తక్కువ. మందు తుంపర కాస్సేపు నిలవడానికి ఒక ఖాళీ జాగా కావాలి. గొట్టం చేసే పని అదే.

దక్షిణాఫ్రికా వైద్యులు మామూలు అర లీటరు ప్లాస్టిక్ సీసాను గొట్టంగా వాడి పరీక్షించి, ఉబ్బసం పిల్లలకు అది బజారు గొట్టంతో సమానంగా పనిచేసిందని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. అది ఎప్పుడో చదివినది ఆ వేళ గుర్తొచ్చింది. దగ్గర్లో ఉల్లిపాయలు తరుగుతున్నతని కత్తి అడిగి, ఖాళీ సీసా అడుగున ఇన్‌హేలరు మూతి సరిగ్గా పట్టేంత కన్నం కోశాను. లోపల ప్లాస్టిక్ ముక్కలు లేకుండా కడిగి దులిపి, ఇన్‌హేలరు బిగించి, సందులు లేకుండా చేతిరుమాలు చుట్టాను. వాడికి గొట్టంతో ఊపిరి తీయడం ముందే అలవాటు. సీసా మూతి పెదవులతో మూసి పట్టుకున్నాడు. ఒకసారి నొక్కడం, నింపాదిగా అయిదారు శ్వాసలు, మళ్లీ ఇన్‌హేలరు బాగా కుదిపి ఇంకొకసారి నొక్కడం. వాడి డాక్టరుగారు రాసిచ్చిన మోతాదు ప్రకారం నాలుగుసార్లు ఇచ్చాను. వాళ్ల నాన్న జనానికి అడ్డంగా నిలబడ్డాడు. మా ఆవిడ వీపు నిమురుతూ కూర్చుంది.

పావుగంటకు ఈల తగ్గింది. ఇరవై నిమిషాలకు, “తాతయ్యా, రైలు మళ్లీ ఎక్కొచ్చా?” అన్నాడు. నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి.

వాడి డాక్టరుగారికి ఫోనులో చెప్పి, కారు పిలిపించుకుని, అద్దాలు మూసుకుని ఇల్లు చేరాం. ఆ రాత్రి పన్నెండింటికి, మూడింటికి లేచి వాడి ఊపిరి లెక్కపెట్టాను. తెల్లవారేసరికి 28కి దిగింది.

ఇక్కడొక హెచ్చరిక. సీసా ఉపాయం ఆపద గడవడానికే. ఇంట్లో గొట్టం ఉన్నవాళ్లు గొట్టమే వెంట తీసుకువెళ్లాలి. ఊపిరి అందక బిడ్డ మాట పూర్తిచేయలేకపోయినా, పెదవులు నీలంగా మారినా, మగతగా ఉన్నా, మందిచ్చినా ఎగశ్వాస తగ్గకపోయినా, ప్రయోగాలతో కాలం గడపకూడదు. 108కి ఫోను చేసి వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. దారి పొడుగునా మందు ఇస్తూ వెళ్లవచ్చు.

ఇంకొక మాట. ఇన్‌హేలరు అలవాటైపోతుందని, పెద్ద మందని చాలామంది భయపడి సిరప్ అడుగుతారు. లెక్క చూడండి. ఈ ఆయాసానికి వాడే సాల్బుటమాల్ మందు ఒక చెంచా మామూలు సిరప్‌లో 2 మిల్లీగ్రాములు ఉంటుంది. ఇన్‌హేలరు ఒక నొక్కులో ఉండేది 100 మైక్రోగ్రాములు. అంటే ఇరవయ్యో వంతు. నేరుగా ఊపిరితిత్తులకే చేరుతుంది గనుక అంత కొంచెంతోనే పని జరుగుతుంది, త్వరగానూ జరుగుతుంది. అది అలవాటయ్యే మందు కాదు.

మీరు వెళ్లేటప్పుడు

మా తప్పులన్నీ చెప్పాను కాబట్టి, వాటి నుంచి తీసిన జాగ్రత్తలు కూడా చెబుతాను. ఎగ్జిబిషనే కానక్కరలేదు. మీ ఊరి తిరునాళ్లకైనా, పిల్లల పార్కుకైనా ఇవే వర్తిస్తాయి.

మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. మధ్యాహ్నం పడుకునే అలవాటున్న బిడ్డను పడుకోబెట్టి, లేచాక తీసుకువెళ్లండి. నిద్ర చాలని బిడ్డ చేసే పేచీని మనం మొండితనం అనుకుని చెయ్యి చేసుకుంటాం. అది మొండితనం కాదు, అలసట. ఆ సాయంత్రం మైదానంలో ఏడుస్తున్న పిల్లల్లో సగంమందికి కావలసింది బొమ్మ కాదు, పడక.

పిల్లలు అడిగింది ముందు చూపించండి. మన కొనుగోళ్లు తరవాత. వీలైతే ఇద్దరు పెద్దలు కొట్ల దగ్గర ఉండి, ఇద్దరు పిల్లలతో ఆటల వైపు వెళ్లాలి.

ఊయలలు, తిరిగే చక్రాలు తిండికి ముందే ఎక్కాలి. కన్ను చెప్పేదొకటి, లోపలి చెవి చెప్పేదొకటి అయినప్పుడు మెదడు తికమకపడి వాంతి వస్తుంది. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లల్లో ఇది ఎక్కువ. తిన్న తరవాత గంటైనా ఆగండి. ఎత్తు, వయసు ఇంత ఉండాలని బోర్డు మీద రాస్తే దాన్ని మీ మంచికే రాశారనుకోండి. పెద్ద స్పీకర్ల పక్కన చంటిబిడ్డతో నిలబడవద్దు. పక్కవాడితో మాట్లాడాలంటే అరవవలసి వస్తోందంటే ఆ చప్పుడు బిడ్డ చెవికి ఎక్కువని అర్థం.

తిండి విషయంలో కళ్లెదుట కాగే నూనెలోంచి తీసినది నయం. కోసిపెట్టిన పండ్లు, మంచు ముక్కలు, నీళ్ల చట్నీలు వద్దు. మంచినీళ్లు ఇంటి నుంచే తెచ్చుకోండి. తినేముందు చేతులు సబ్బుతో కడగాలి. నాలుగేళ్ల లోపు పిల్లలకు వేరుశనగ గుళ్లు, పాప్‌కార్న్ పెట్టవద్దు. నవ్వుతూ, పరుగెత్తుతూ తింటే అవి శ్వాసనాళంలోకి పోతాయి. పగిలిన బుడగ ముక్కలు కూడా అంతే ప్రమాదం.

మెరిసే బొమ్మలు కొంటే వెనక మూత చూడండి. స్క్రూ లేకుండా గోటితో ఊడి వచ్చే మూత ఉంటే కొనవద్దు. లోపల ఉండే గుండ్రని బిళ్ళ బ్యాటరీని బిడ్డ మింగితే, అది ఆహారనాళంలో ఇరుక్కుని రెండు గంటల్లోనే కాల్చి పుండు చేయగలదు. మింగిందన్న అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించకుండా నేరుగా పెద్దాస్పత్రికి తీసుకువెళ్లి ఎక్స్‌రే తీయించాలి. తెల్లవారాక చూద్దామనుకోవద్దు.

జనంలో బిడ్డ తప్పిపోవడం పెద్ద భయం. మేమున్న సమయంలోనే మైకులో ముగ్గురు పిల్లల పేర్లు చదివారు. గేటు దగ్గరే పిల్లల ఫోటో ఒకటి ఫోనులో తీసుకోండి. ఆనాడు ఏ చొక్కా వేశామో గాభరాలో గుర్తురాదు. పేరు, మీ ఫోను నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టండి. “మేం కనపడకపోతే ఎక్కడున్నావో అక్కడే నిలబడు, పోలీసుతో గాని, పిల్లలతో వచ్చిన అమ్మతో గాని చెప్పు” అని ముందే నేర్పండి. లోపలికి వెళ్లగానే ప్రథమ చికిత్స ఎక్కడ, పోలీసులు ఎక్కడ, బయటికి దారులు ఎటు అని తెలుసుకోండి. 2019 జనవరి 30 రాత్రి ఈ మైదానంలోనే పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఎన్నో దుకాణాలు బూడిదయ్యాయి. దారి తెలిసినవాడికి కంగారు సగం తగ్గుతుంది.

చివరగా, ఉబ్బసం గాని, మూర్ఛ గాని, మరే జబ్బు గాని ఉన్న బిడ్డ మందు ఇల్లు దాటే ప్రతిసారీ వెంట ఉండాలి. బాగున్న రోజు కూడా ఉండాలి. మందు అక్కర లేనన్నాళ్లూ అది బరువుగానే కనిపిస్తుంది.

మళ్లీ వెళ్లాం

పదిరోజుల తరవాత, చిన్నవాడు పూర్తిగా కోలుకున్నాక, వాడి డాక్టరుగారిని అడిగి మళ్లీ వెళ్లాం. ఈసారి ఆదివారం కాకుండా మామూలు రోజు చూసుకున్నాం. పిల్లలు మధ్యాహ్నం నిద్రపోయి లేచారు. గేటు తెరిచిన కాస్సేపటికే లోపల ఉన్నాం. జనం పలుచగా ఉన్నారు, దుమ్ము ఇంకా లేవలేదు. ముందు రైలు. రెండుసార్లు రైలు. తరవాత పెద్దదాని జెయింట్ వీల్, ఆ తరవాత తిండి. చీకటి పడి దీపాలు వెలగగానే వాణ్ణి వాళ్ల నాన్న భుజాల మీద ఎక్కించుకున్నాడు. మొదటిసారి వాడికి తోరణాలన్నీ కనిపించాయి. “అబ్బో!” అన్నాడు. ఏడుకల్లా బయటపడ్డాం. మా ఆవిడకు శాలువ మాత్రం కొనలేదు. ఆ బాకీ ఇంకా అలాగే ఉంది.

ఈసారి బయలుదేరేముందు కోడలు నన్నేమీ అడగలేదు. అల్మారా తెరిచి గొట్టం తీసి బల్ల మీద పెట్టింది, అంతే. నేనే దాన్ని నా భుజం సంచిలో సర్దుకున్నాను. ఆ సాయంత్రం దాని అవసరం రాలేదు. రాకపోవడమే మనకు కావలసింది.

“ఒక్క సాయంత్రమే కదా” అని మనం అనుకుంటాం. బిడ్డ ఊపిరితిత్తులకు ఆ సంగతి తెలియదు. అవి ఏ సాయంత్రమూ సెలవు తీసుకోవు.